జెట్‌లాగ్: హైదరాబాద్–డల్లాస్ ప్రయాణానికి వెలుతురు లెక్క

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు రాత్రి రెండింటికి లేచి వంటింట్లో లైటు వేసుకుని కూర్చోవడం, సాయంత్రం ఐదింటికి సోఫాలో మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోవడం మనలో చాలా ఇళ్లలో చూసిందే. దూరదేశం చేరినా ఒళ్లు ఇంకా మన ఊరి వేళల్లోనే నడవడం వల్ల వచ్చే ఈ ఇబ్బందే జెట్‌లాగ్. "నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందిలే" అంటారు. సర్దుకునే మాట నిజమే. కానీ ఏ వేళ వెలుతురులోకి వెళ్లాలో, ఏ వేళ తప్పుకోవాలో తెలిసినవాళ్లకి త్వరగా సర్దుకుంటుంది. తెలియనివాళ్లు మంచి ఉద్దేశంతోనే తప్పు వేళలో ఎండలో నడిచి, ఒక రోజు సంపాదించినది మర్నాడు పోగొట్టుకుంటారు.

మెదడులో, రెండు కళ్ల నరాలూ కలిసి దాటే చోటికి సరిగ్గా పైన, సుమారు 20,000 నాడీకణాలున్న చిన్న గుంపు ఒకటి ఉంది. ఒంటి గడియారం అదే. నిద్ర, ఆకలి, ఒంటి వేడి, హార్మోన్లు అన్నీ దాని వేళల ప్రకారం నడుస్తాయి. దాన్ని ముందుకో వెనక్కో తిప్పే బలం అన్నిటికంటే ఎక్కువగా కంట్లో పడే వెలుతురుకుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే చాలామందిలో అది 24 గంటల కంటే కొన్ని నిమిషాలు ఎక్కువ తీసుకుని ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే ఆలస్యంగా పడుకోవడం తేలిక, పెందలాడే పడుకోవడం కష్టం. పడమరకు వెళ్లినప్పుడు గడియారం రోజుకు గంటన్నర దాకా జరిగితే, తూర్పుకు వెళ్లినప్పుడు గంట జరగడమే గగనం.

కింది లెక్కలన్నీ హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా డల్లాస్ వెళ్లే వేసవి ప్రయాణానికి వేశాం. మిగతా ఊళ్లకు ఎలా మార్చుకోవాలో మధ్యలో చెబుతాం.

అడుగు 1: మీ అట్టడుగు వేళ కనుక్కోండి

రోజు మొత్తంలో ఒంటి వేడి బాగా పడిపోయే సమయం ఒకటుంటుంది. అలారం లేకుండా మీరు మామూలుగా ఎన్నింటికి మేలుకుంటారో చూసుకుని, అందులోంచి రెండు మూడు గంటలు తీసేస్తే ఆ సమయం వస్తుంది. దాన్నే ఇక్కడ అట్టడుగు వేళ అంటున్నాం. ఏడు గంటల లోపు నిద్రపోయేవాళ్లు రెండు తీసేయండి, అంతకంటే ఎక్కువ పడుకునేవాళ్లు మూడు. రాత్రి పదికి పడుకుని ఐదున్నరకు లేచే మనిషికి అది రెండున్నర ప్రాంతంలో వస్తుంది, లెక్క తేలికగా ఉండడానికి తెల్లవారుజామున మూడు గంటలనుకుందాం.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒకటే. అట్టడుగు వేళకు ముందు కొన్ని గంటల్లో చూసిన వెలుతురు గడియారాన్ని వెనక్కి లాగుతుంది, అంటే మర్నాడు నిద్ర ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఆ వేళ దాటాక చూసిన వెలుతురు ముందుకు తోస్తుంది. నిమిషాల తేడాలో దిశ మారిపోతుంది కాబట్టి, అట్టడుగు వేళ అనే ఆ గీతకు అటూ ఇటూ ఓ అరగంట జాగ్రత్తగా ఉండడం మంచిది.

ఇప్పుడు ఆ మూడు గంటలను అమెరికా గడియారంలోకి మార్చండి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా అక్కడ వేసవి సమయం నడుస్తుంది.

- డల్లాస్, షికాగో: తేడా వేసవిలో 10:30 గంటలు. మన తెల్లవారుజాము 3 అంటే అక్కడ ముందు రోజు సాయంత్రం 4:30.
- న్యూజెర్సీ, అట్లాంటా: తేడా 9:30. అట్టడుగు వేళ సాయంత్రం 5:30కు పడుతుంది.
- శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటెల్: తేడా 12:30. మధ్యాహ్నం 2:30కే పడుతుంది.

చలికాలంలో తేడాకు ఒక గంట కలపండి, అట్టడుగు వేళలో ఒక గంట తీసేయండి.

డల్లాస్‌లో దిగినవాళ్లు సాయంత్రం నాలుగున్నరకు ఎందుకు కూలబడిపోతారో ఈ లెక్కతో తెలిసిపోతుంది. ఒంటికి అది తెల్లవారుజాము మూడు గంటలు. ఆ గీతను 4:30 నుంచి నెమ్మదిగా వెనక్కి, అంటే రాత్రి వైపుకు, ఆపై అక్కడి తెల్లవారుజాము మూడింటికి చేర్చాలి. పదిన్నర గంటల దూరం. రోజుకు గంటన్నర చొప్పున వారం.

అడుగు 2: బయల్దేరే ముందు మూడు రాత్రులు

పదికి పడుకునే అలవాటుంటే మొదటి రాత్రి 11, రెండో రాత్రి 12, మూడో రాత్రి 1 గంటకు పడుకోండి. లేవడం కూడా అదే వరసలో 6:30, 7:30, 8:30. రాత్రి పడుకునే దాకా ఇంట్లో లైట్లు బాగా వెలగాలి. పొద్దున లేచే దాకా కర్టెన్లు మూసి ఉండాలి.

ఇది కుదిరితే అట్టడుగు వేళ మన సమయం ఆరింటికి, అంటే డల్లాస్ సాయంత్రం 7:30కు జరిగిపోతుంది. వారం పనిలో దాదాపు మూడో వంతు ఇంట్లోనే అయిపోయినట్టు. ఎలాగూ గల్ఫ్ విమానాలు ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటాయి కాబట్టి ఆఖరి రాత్రి మెలకువగా ఉండక తప్పదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సామాను సర్దుతూ, పచ్చళ్ల ప్యాకెట్లు తూకం వేస్తూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటారు. కానీ పొద్దున ఐదింటికే పూజకు లేచి వాకిట్లోకి వచ్చేస్తారు. దాంతో నిద్ర తగ్గుతుంది గానీ గడియారం జరగదు. ఆ పొద్దుటి వెలుతురు, రాత్రి వెనక్కి జరిగినదాన్ని మళ్లీ ముందుకు తోసేస్తుంది. పొద్దున ఆలస్యంగా లేవడం కుదరని ఇంట్లో అసలు ఈ అడుగు జోలికి పోకండి, నిండా నిద్రపోయి బయల్దేరండి. ప్రయాణం రోజు మధ్యాహ్నం గంటన్నర పడుకోవడం మాత్రం మానకండి.

అడుగు 3: మందుల చీటీ

పెద్దవాళ్లున్న ప్రయాణంలో ఇది వెలుతురు కంటే ముఖ్యం. వేసవిలో డల్లాస్ వెళ్లే రోజు 24 గంటలు కాదు, 34:30 గంటలు. తిరిగి వచ్చే రోజు 13:30 గంటలే. "రోజుకు ఒకటి" అన్న మాట ఈ రెండు రోజుల్లో ఎలా పాటించాలో డాక్టరుతో ముందే కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఆ చీటీ లేకుండా విమానం ఎక్కకూడదు.

గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు తిండితోనే వేసుకోవాలి. మాత్ర వేసుకుని, భోజనం వచ్చేలోపు నిద్రపోతే షుగర్ పడిపోతుంది. ట్రే ముందుకు వచ్చాకే మాత్ర చేతిలోకి తీయండి. గ్లూకోజ్ బిళ్లలో, బిస్కెట్లో సీటు జేబులో ఉంచండి. థైరాయిడ్ మాత్ర ఒంట్లో చాలా రోజులు ఉంటుంది కాబట్టి కొన్ని గంటలు అటూ ఇటూ అయినా కంగారు పడక్కర్లేదు. మందులన్నీ, ముఖ్యంగా ఇన్సులిన్, చేతి బ్యాగులోనే. చెక్-ఇన్ సామానులో పెడితే అడుగున చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది, పైగా బ్యాగు రావడం ఆలస్యమైతే చిక్కే.

నిద్ర కోసం అవిల్ అనే అలర్జీ మాత్ర వేయడం మన ఇళ్లలో మామూలు. పెద్దవాళ్లకు వద్దు. గందరగోళం, తూలడం, మగవాళ్లకు మూత్రం ఆగిపోవడం దానివల్ల వస్తాయి. నిద్రమాత్ర వేసుకుని పదహారు గంటలు కాళ్లు కదలకుండా పడుకోవడం కూడా మంచిది కాదు, పిక్కల్లో రక్తం గడ్డకట్టే భయం ఉంది. నిద్రమాత్రను మద్యంతో కలిపి వేసుకోవడమైతే ప్రాణాపాయమే.

అడుగు 4: విమానంలో

గల్ఫ్‌లో మీరు విమానం మారే ఊరు దోహా అని, అక్కడ ఉదయం 8 గంటలకు విమానం కదిలిందనుకోండి. డల్లాస్‌లో అప్పుడు అర్ధరాత్రి. సాయంత్రం నాలుగు ప్రాంతంలో దిగుతారు. చేతి గడియారం ఇక్కడే డల్లాస్ సమయానికి తిప్పేయండి. మొదటి ఆరేడు గంటలు నిద్ర, తర్వాతి గంటలు మెలకువ: ఇంతే పథకం.

విమానం లేచిన గంటకో గంటన్నరకో భోజనం వస్తుంది. డల్లాస్ లెక్కన అది నడిరాత్రి తిండి, కాబట్టి కొద్దిగా తిని వదిలేయండి. టికెట్ తీసుకున్నప్పుడే, లేదా కనీసం ఒక రోజు ముందు, ఏషియన్ వెజిటేరియన్ లాంటి ప్రత్యేక భోజనం చెప్పి ఉంచితే అది మామూలుగా అందరికంటే ముందు చేతికి వస్తుంది. మిగతా వరసలకు ట్రాలీ వచ్చేలోపు మీరు తిని కళ్లకు గంతలు కట్టేసుకోవచ్చు. దుప్పటి మీద నుంచి కనపడేలా సీటుబెల్టు పెట్టుకోండి, మధ్యలో లేపరు. చెవుల్లో స్పాంజి బిరడాలు, మెడకు దిండు, కిటికీ షేడ్ కిందికి. కళ్ల గంతలు ముక్కు పక్క నుంచి వెలుతురు రానివ్వని రకం చూసుకుని కొనండి.

నిద్ర పట్టకపోతే తెర వెలుగులో సినిమా మీద సినిమా చూడకండి. కళ్లు మూసుకుని పడి ఉన్నా ఒంటికి కొంత విశ్రాంతే.

క్యాబిన్‌లో గాలి తేమ 10 నుంచి 20 శాతం మధ్యే ఉంటుంది. గంటకో చిన్న గ్లాసు నీళ్లు తాగుతూ ఉండండి, కాంటాక్ట్ లెన్సులు తీసి కళ్లజోడు పెట్టుకోండి, ముక్కులో సెలైన్ చుక్కలు వేసుకోండి. లోపలి గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. పొట్టలో గాలి ఉబ్బుతుంది, అందుకే సోడా డ్రింకులు, శనగలు, రాజ్మా ఆ రోజుకు వద్దు. ఒంట్లో నీరు తగ్గించి నిద్రను ముక్కలు చేసేది మద్యం, దానికి ఈ ప్రయాణంలో చోటు లేదు.

మెలకువగా ఉన్న ప్రతి రెండు గంటలకూ ఒకసారి లేచి వెనకదాకా నడిచి రండి. కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించడం ఇరవై సార్లు, పాదాలు గుండ్రంగా తిప్పడం పదేసి సార్లు. మోకాలి కింద దాకా వచ్చే బిగుతు మేజోళ్లు వాపును తగ్గిస్తాయి. ఇదివరకు కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగాకే ఎక్కాలి.

డల్లాస్ సమయం ఉదయం 7, 8 అయ్యేసరికి లేవండి. షేడ్ తీయండి, ఒక కాఫీ తాగండి, కావాలంటే పదకొండింటికి ఇంకొకటి. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కాఫీ, టీ, కోలా ఏవీ వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే తిరుగుతూ ఉంటుంది.

అడుగు 5: దిగిన సాయంత్రం

ఇమిగ్రేషన్ వరసలో నిలబడే సమయం, ముందస్తు సర్దుబాటు చేసుకోనివాళ్లకు, సరిగ్గా అట్టడుగు వేళ. మాటలు తడబడతాయి, కాగితాలు ఎక్కడ పెట్టామో గుర్తు రాదు. పాస్‌పోర్టు, ఉండబోయే ఇంటి చిరునామా, ఫోన్ నంబరు రాసిన కాగితం ఒకే కవర్లో ముందే పెట్టుకోండి. ఆ స్థితిలో అద్దె కారు తీసుకుని నడపవద్దు, ఎవరినైనా రమ్మనండి. ఇది చదువుకు వచ్చే కుర్రవాళ్లకు కూడా వర్తిస్తుంది.

మూడు రాత్రుల సర్దుబాటు చేయనివాళ్లు ఎయిర్‌పోర్టు బయటికి వచ్చేటప్పుడు కూలింగ్ గ్లాసులు పెట్టుకోవాలి. నాలుగున్నర దాటిన ఆ ఎండ గడియారాన్ని తప్పు వైపు తోస్తుంది. ఇంటికి వెళ్లాక కూడా ఏడింటి దాకా కర్టెన్లు వేసుకోండి. సర్దుబాటు చేసుకుని వచ్చినవాళ్లకు ఆ అవసరం లేదు, ఏడింటి దాకా హాయిగా వెలుతురులో ఉండొచ్చు.

ఇంట్లో పిల్లలు జాలిపడి "అమ్మా, ఓ గంట పడుకో" అంటారు. ఐదింటికి పడుకున్న మనిషి రాత్రి పదకొండింటికి నిండా నిద్ర తీరి లేస్తుంది, ఇక తెల్లవార్లూ జాగారమే. స్నానం చేయించండి, సామాను విప్పించండి, మనవళ్లను ఎదురుగా కూర్చోబెట్టండి. తేలికైన భోజనం ఏడింటికి. తొమ్మిదికి మంచం.

అడుగు 6: మొదటి వారం

సర్దుబాటు చేయనివాళ్లకు వెలుతురు వేళలు ఇలా పెట్టుకోండి. మొదటి రోజు, అంటే దిగిన మర్నాడు, ఉదయం 11 నుంచి సాయంత్రం 5:30 లోపు ఎంత వీలైతే అంత బయట. ఆ తర్వాత సూర్యాస్తమయం దాకా లోపల, లేదా కూలింగ్ గ్లాసులతో. రెండో రోజు గీత 7 గంటలకు, మూడో రోజు 8:30కు జరుగుతుంది. వేసవి డల్లాస్‌లో పొద్దు గూకేది ఆ వేళకే కాబట్టి, మూడో రోజు నుంచి సాయంత్రం నడక మీకు మందే. నాలుగో రోజు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా ఇంట్లో లైట్లు బాగా వేసుకోండి, తెల్లవారుజామున మాత్రం గది చీకటిగా ఉండాలి.

ఇంట్లో లైట్లు వేసుకుని కూర్చుంటే సరిపోదా అంటారు. మామూలు గది వెలుతురు రెండు మూడు వందల లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత). బయట చెట్టు నీడలో అది పది వేల దాకా ఉంటుంది, మబ్బు పట్టిన రోజున కూడా వేలల్లోనే. కార్లు తప్ప మనుషులు కనపడని కాలనీలో, ఏసీ వేసుకుని తలుపులు మూసుకున్న ఇంట్లో పెద్దవాళ్లు రోజంతా గడిపేస్తే గడియారానికి కబురే అందదు. అయితే జూలై, ఆగస్టుల్లో డల్లాస్ మధ్యాహ్నం మన రామగుండం ఎండను తలపిస్తుంది. ఎండలో నిలబడనక్కర్లేదు. వరండా నీడ, చెట్టు కింద బెంచీ, బాగా వెలుగొచ్చే కిటికీ పక్క కుర్చీ చాలు.

రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, కడుపులో ఆకలి. హైదరాబాద్‌లో అప్పుడు మధ్యాహ్నం 12:30, ఒంటికి భోజనం వేళ. పడుకునే ముందే గిన్నెలో నాలుగు ముద్దల పెరుగన్నమో, ఒక అరటిపండో బల్ల మీద పెట్టి ఉంచండి. చిన్న నైట్ ల్యాంపు వెలుగులో తిని మళ్లీ మంచం ఎక్కండి. పొయ్యి వెలిగించి ఉప్మా చేసుకుంటే, తిండితో నడిచే కాలేయం గడియారం కూడా ఇండియా వేళల్లోనే ఉండిపోతుంది. ఫోన్ అసలు ముట్టుకోవద్దు. ఆ వేళకి ఇండియాలో అందరూ మేలుకునే ఉంటారు, వాట్సాప్ కాల్ ఒకటి కలిసిందంటే తెల్లారిపోతుంది. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి మసక వెలుతురులో కుర్చీలో కూర్చోండి, జపం చేసుకోండి, కళ్లు బరువెక్కాక పడుకోండి.

పగటి కునుకు కావాలంటే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర లోపు, ఇరవై ముప్పై నిమిషాలు, అలారం పెట్టుకుని. మూడు దాటాక వద్దు. మలబద్ధకం, అజీర్తి మూడు నాలుగు రోజులు ఉంటాయి. నీళ్లు, పండ్లు, పీచు, రాత్రికి తేలిక తిండి.

మెలటోనిన్ గురించి. చీకటి పడ్డాక ఒంట్లో తయారయ్యే నిద్ర హార్మోన్ ఇది, మాత్రలుగానూ దొరుకుతుంది. అర మిల్లీగ్రాము నుంచి 5 మిల్లీగ్రాముల దాకా వాడకంలో ఉంది, ఎక్కువ వేసుకుంటే త్వరగా నిద్ర పడుతుందే గానీ గడియారం ఎక్కువ జరగదు. పెద్దవాళ్లకు అర నుంచి ఒకటి చాలు. డల్లాస్‌లో పడుకునే ముందు, రాత్రి తొమ్మిదిన్నరకు, నాలుగైదు రాత్రులు. ఆ వేళ మన సమయంలో ఉదయం ఎనిమిది కాబట్టి అది కూడా గడియారాన్ని మనక్కావాల్సిన వెనక వైపుకే జరుపుతుంది. అమెరికాలో దీన్ని ఆహార పూరకంగా అమ్ముతారు, సీసా మీద రాసినంతే లోపల ఉంటుందన్న భరోసా లేదు, అందుకని పరీక్షించిన ముద్ర ఉన్న బ్రాండు చూసుకోండి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు, మూర్ఛ మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. వేసుకున్న రాత్రి కారు నడపకూడదు.

తిరుగు ప్రయాణం

తిరిగి రావడం ఎందుకు ఎక్కువ బాధపెడుతుందంటే, ఇక్కడ గడియారం ఎటు తిరగాలో ఒంటికే అర్థం కాదు. డల్లాస్‌కు అలవాటు పడిన ఒంటికి అట్టడుగు వేళ సుమారు అక్కడి తెల్లవారుజాము 3:30, మన మధ్యాహ్నం 2 గంటలు. పొద్దుటి వెలుతురు వెనక్కి లాగితే, సాయంత్రం వెలుతురు ముందుకు తోస్తుంది. రెండూ సమంగా చూసిన మనిషి మధ్యలో ఇరుక్కుపోతాడు. ఏదో ఒక దిక్కు ఎంచుకోవాలి. ఇంత పెద్ద తేడాకు వెనక్కి జరపడమే చాలామందికి తేలిక.

అందుకని డల్లాస్‌లోనూ ఆఖరి మూడు రాత్రులు గంట చొప్పున ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేవండి. అప్పుడు గీత హైదరాబాద్‌లో సాయంత్రం 5కు పడుతుంది. ఇంటికి చేరాక ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా వెలుతురు, ఐదు నుంచి చీకటి పడే దాకా మొదటి రెండు రోజులు లోపల. సర్దుబాటు కుదరనివాళ్లకు ఆ గీత మధ్యాహ్నం రెండే, కాబట్టి మొదటి రెండు రోజులు రెండు నుంచి కర్టెన్లు మూసేయండి. పలకరించడానికి వచ్చే చుట్టాలను మధ్యాహ్నం కాకుండా పొద్దున పదికి రమ్మని చెప్పండి, అటు వెలుతురూ దొరుకుతుంది, ఇటు మాటల్లో మెలకువా ఉంటుంది. ఒంటిగంటకు అన్నం తిని గంటన్నర పడుకోవడం తప్పు కాదు. నాలుగో రోజు నుంచి సాయంత్రం వాకింగ్, రాత్రి పదిదాకా మంచి లైట్లు. తొమ్మిది పది రోజులు పడుతుందని ముందే అనుకోండి, ఆఫీసుకు సెలవు దాన్నిబట్టి పెట్టుకోండి.

దగ్గర తేడాలు, పొట్టి ప్రయాణాలు

లండన్‌కు తేడా వేసవిలో 4:30, చలికాలంలో 5:30. అక్కడ సాయంత్రం వెలుతురులో తిరిగితే చాలు, మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. సిడ్నీ, మెల్‌బోర్న్ తూర్పున ఉన్నాయి కాబట్టి లెక్క తిరగబడుతుంది. మన తెల్లవారుజాము మూడు గంటలు అక్కడ వాళ్ల చలికాలంలో ఉదయం 7:30, వేసవిలో 8:30. దిగిన మర్నాడు తెల్లారగానే వాకింగ్‌కు వెళ్లడం అక్కడ తప్పు. ఎనిమిదిన్నర, తొమ్మిది దాటాక వెలుతురులోకి వెళ్లి, రోజూ ఒక గంట ముందుకు జరుపుకుంటూ రండి.

రెండు మూడు రోజుల ఆఫీసు పనికి డల్లాస్ వెళ్లేవాళ్లు అసలు గడియారం తిప్పుకోకపోవడమే మేలు. అక్కడి ఉదయం 8 నుంచి 11 అంటే ఇక్కడ సాయంత్రం 6:30 నుంచి 9:30, బుర్ర ఇంకా బాగా పనిచేసే వేళ. ముఖ్యమైన మీటింగులన్నీ అందులోనే పెట్టించుకోండి. సాయంత్రం విందులకు రాలేమని ముందే చెప్పేయండి.